గుమ్మం దగ్గరే ఆగిన పొగ

ఉత్తర పసిఫిక్ మహాసముద్రం అట్టడుగున ఇవాళ కదులుతున్న నీరు గాలి మొహం చూసి వెయ్యేళ్లు దాటింది. అది మునిగే నాటికి రాజమహేంద్రవరంలో నన్నయ భారతానికి ఇంకా గంటం పట్టలేదు. ఆ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ బోలెడంత ఉంది. కానీ అదంతా పాత సరుకు. మన బొగ్గు పొయ్యిలది, మన మోటార్లది అందులో లేనట్టే లెక్క. మన కాలపు పొగ సోకని చోట్లు భూమ్మీద ఇంకా ఉన్నాయంటే అలాంటివే.

మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగోవంతును ఏటా సముద్రాలు పీల్చుకుంటున్నాయన్నది తెలిసిన సంగతే. అవి దాన్ని లోతుల్లో భద్రంగా దాచేస్తున్నాయని కూడా ఆ ఊపులోనే అనేస్తుంటాం. లెక్కలు చూస్తే అంత నిశ్చింత కలగదు. 1990లలో పరిశోధక నౌకలు మహాసముద్రాలన్నీ చుట్టి, పైనుంచి అడుగుదాకా నీళ్లు తోడి తెచ్చాయి. వాటిని పరీక్షించి క్రిస్టఫర్ సబైన్ బృందం 2004లో ఓ లెక్క చెప్పింది. 1800 నుంచి 1994 దాకా మన మూలంగా సముద్రాల్లో చేరిన కార్బన్ సుమారు 11,800 కోట్ల టన్నులు. అందులో దాదాపు సగం పై 400 మీటర్లలోనే ఉంది. సముద్రం సగటు లోతు 3,700 మీటర్లు. అంటే ఇల్లు విశాలమైనదే గానీ, మనం పంపిన సామాను చాలామటుకు గుమ్మం దగ్గరే ఆగింది.

దానికి కారణం దారులు తక్కువ కావడం. ఎండకు కాగిన పైనీరు తేలిక, అడుగునీరు చల్లన, బరువు. రెండూ తేలిగ్గా కలవవు. అట్లాంటిక్ ఉత్తరాన గ్రీన్‌లాండ్, లాబ్రడార్ ప్రాంతాల్లోనూ, అంటార్కిటికా అంచున వెడెల్, రాస్ సముద్రాల్లోనూ మాత్రం చలికాలం నీటిని బాగా చల్లబరుస్తుంది. గడ్డకట్టే నీరు తన ఉప్పును చుట్టూ ఉన్న నీళ్లలోకి వదిలేస్తుంది. చలీ ఉప్పూ కలిసి బరువెక్కించిన ఆ నీరు వేల మీటర్ల కిందకి జారుతుంది. చల్లటి నీటిలో వాయువులు ఎక్కువ కరుగుతాయి కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌నూ వెంట తీసుకుపోతుంది. ఈ సంగతి పసిగట్టిన తీరులో ఓ విడ్డూరం ఉంది. అణుబాంబు పరీక్షలతో గాలిలోకి ఎగిసిన రేడియో కార్బన్, పాత ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరో కార్బన్లు కూడా ఇదే నీటిలో కలిసి దిగాయి. ఏ నీరు ఎప్పుడు మునిగిందో శాస్త్రజ్ఞులు వాటిని పట్టే చెప్పగలిగారు. మనం చేసిన పాపాలే మనకు ఆనవాళ్లయ్యాయి!

రెండో దారి ప్రాణులది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోనార్‌తో జలాంతర్గాముల కోసం వెతుకుతున్నవారికి, సముద్రం మధ్యలో కొన్ని వందల మీటర్ల లోతునే అడుగు తగిలినట్టు ప్రతిధ్వని వినిపించేది. తమాషా ఏమిటంటే పొద్దుగూకేసరికి ఆ ‘అడుగు’ పైకి లేచేది, తెల్లారేసరికి దిగిపోయేది. అది నేల కాదు, లెక్కలేనన్ని చిన్న చేపలూ రొయ్య జాతి జీవులూ. రాత్రి పైకొచ్చి మేస్తాయి, పగలు శత్రువుల కంటపడకుండా చీకట్లోకి దిగిపోతాయి. పైన తిన్నదాన్ని కింద విసర్జిస్తాయి. ఇంత బరువు జీవరాశి రోజూ చేసే వలస భూమ్మీద మరొకటి లేదు. చచ్చిన ప్లవకాల తునకలు, జిగురు, రెట్టలు కలిసి పగలనకా రాత్రనకా నుసిలా రాలుతూనే ఉంటాయి. చాలావరకు దారిలోనే బాక్టీరియా పాలవుతాయి, అడుగుకు చేరేది బహు కొద్ది. అయితే ఈ ఏర్పాటు మన కోసం మొదలైంది కాదు. మనం లేని యుగాల నుంచీ నడుస్తోంది. అది లేకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికన్నా ఎంతో ఎక్కువగా ఉండేది. మనం పెంచిన పొగను పీల్చుకోవడంలో మాత్రం పెద్ద చెయ్యి మొదటి దారిదే.

మన బంగాళాఖాతంలో నీరు అలా మునగదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు పైన తేలుతూ, కిందా మీదా కలవనివ్వదు. పోషకాలు పైకి రావడానికీ అదే అడ్డు. అయినా ఇక్కడ లోతుకు చేరే కార్బన్ మరీ తక్కువేం కాదు. 1980ల చివరినుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి గరాటుల్లాంటి పాత్రలను లోతుకు దించి, రాలే నుసిని పట్టి చూశాయి. నదులు పొంగే రుతువులో రాలేది పెరుగుతోంది. ఒండ్రులోని మట్టిరేణువులు జీవుల తునకలకు అంటుకుని, బరువై, కుళ్లేలోపే వాటిని కిందకి లాక్కుపోతున్నాయి. వరద గోదావరి ఎర్రనీటికి ఇలాంటి పని కూడా ఉందని ధవళేశ్వరం గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు తట్టదు. ఆ ఒండ్రులో చాలా భాగాన్ని ఇప్పుడు డ్యాములే పట్టేసుకుంటున్నాయి. డెల్టా కోత గురించి బాధపడేటప్పుడు ఈ సంగతీ తలుచుకోవచ్చు.

సముద్రం ఎంతైనా మింగేస్తుందన్న ధీమా ఒకప్పుడు శాస్త్రజ్ఞులకూ ఉండేది. దాన్ని కదిలించింది 1957లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ రాసిన పత్రం. నీటిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం అక్కడి కార్బొనేట్‌తో కలిసి బైకార్బొనేట్‌గా మారుతుంది. సముద్రానికి ఇంత చోటు దొరికింది దానివల్లే. కానీ ఆ కార్బొనేట్ వాడేకొద్దీ తరుగుతుంది, తరిగేకొద్దీ పైనీరు కొత్తది తీసుకోవడానికి మొరాయిస్తుంది. నత్తలూ పగడాలూ గుల్ల కట్టుకోవాలన్నా అదే కావాలి.

సముద్రం నిదానం భరించలేక, కార్బన్‌ను లోతుకు మనమే తోసేద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. 2009లో భారత, జర్మన్ శాస్త్రజ్ఞులు ‘లోహాఫెక్స్’ పేరుతో దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణం చల్లారు. ఇనుము తగిలి ప్లవకాలు పెరిగాయి. అంతలోనే కోపెపాడ్లనే బుల్లి జీవులు వాటిని మేసేశాయి. ఆ నీళ్లలో సిలికా దాదాపు లేదు, గాజు గుల్లల డయాటంలు పెరగలేదు, లోతుకు చేరింది స్వల్పం. దాన్ని విఫలమైన ప్రయోగం అనడం మాత్రం అన్యాయం. జవాబు దొరికింది, కోరుకున్నది కాదంతే.

చెప్పుకోవలసింది ఇంకొకటుంది. సముద్రం, గాలి నడుమ రాకపోకలు రెండు వైపులా సాగుతాయి. రేపు మనం యంత్రాలతోనో అడవులతోనో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బాగా తగ్గించగలిగామే అనుకుందాం. పైనీటిలో ఆగి ఉన్నది అప్పుడు కొంత కొంతగా బయటికొచ్చి ఆ లోటును పూడుస్తుంది. లోతుకు దిగినదైతే వందల ఏళ్లు పైకి రాదు, అడుగునున్న సున్నపు మట్టితో దాని లావాదేవీలు వేల ఏళ్లమీద తేలతాయి. గాలిని శుభ్రం చేసే పథకాలకు టన్నుల లెక్కన ధర కట్టేవాళ్లు, గాలిలో పేరుకున్నదానితో పాటు ఆ పై 400 మీటర్లలో నిలిచిన సగాన్నీ బిల్లులో వేసుకోవలసి ఉంటుంది.