యంత్రాలూ మనమూ: పాత కారు ఇంజెక్టర్ల శుద్ధి, పరీక్ష

పాత స్పోర్ట్స్ కారును ముచ్చటపడి కాపాడుకొంటున్న వారు మన ఉద్యోగుల కుటుంబాలలోనూ కొందరున్నారు. అట్టి సహోద్యోగి ఒకరు ఈ శీర్షికకు ప్రశ్న పంపారు. ఇంజను నిలకడగా తిరగడం లేదట. ఒక మెకానిక్కు నాలుగు ఇంజెక్టర్లనూ మార్చవలసిందే అన్నాడట. మరొకడు ట్యాంకులో ఒక సీసా మందు పోస్తే చాలునన్నాడట. ఎవరి మాట వినాలన్నది వారి సందేహం. ఈ రెండింటికీ నడుమ మూడవ మార్గమున్నది. ఇంజెక్టర్లను విప్పి, శుభ్రపరచి, కొలిచి చూచి, ఆ పిమ్మట నిర్ణయించడమే ఆ మార్గమని మా అభిప్రాయము.

పెట్రోలును కార్బ్యురేటరు ద్వారా పీల్చుకొనుటకు బదులు పీడనంతో చిమ్మే పద్ధతి కొత్తదేమీ కాదు. 1954లో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. యాంత్రిక పంపు సాయంతో నేరుగా సిలిండరులోనికే పెట్రోలు చిమ్మినది. 1967లో బోష్ సంస్థ డి-జెట్రోనిక్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుతో ప్రవేశపెట్టినది. మన దేశంలో మాత్రం 2000 ప్రాంతంలో పొగ నియమాలు కఠినమైన తరువాతనే సామాన్యుల కార్లలో ఇంజెక్టరు స్థిరపడినది.

ఎలక్ట్రానిక్ ఇంజెక్టరు ఒక చిన్న విద్యుత్ కవాటము. దాని వెనుక పెట్రోలు, చాలా నమూనాలలో, సుమారు 2.5 నుండి 3 బార్ల పీడనంతో వేచియుండును. తీగచుట్టలో విద్యుత్తు పారగానే సూది మిల్లీమీటరులో సుమారు పదవ వంతు లేచును. ఇంజను ఊరక తిరుగుచున్నప్పుడు అది తెరచియుండేది సెకనులో వెయ్యవ వంతులు రెండో మూడో మాత్రమే. ఇంత సన్నని సందులో పలుచని జిగురు పొర పేరుకొన్నా కొలత తప్పక మారును. వంటింటిలో గ్యాసు పొయ్యి బర్నరు రంధ్రాలు పూడినప్పుడు మంట తీరు మారడం గృహిణులకు తెలియనిది కాదు. ఇదీ అటువంటిదే.

ఈ జిగురు ఎక్కువగా ఏర్పడేది ఇంజను ఆపిన తరువాత. ప్రవాహం ఆగిపోవును గాని వేడి మిగులును. ఇంజెక్టరు మొనవద్ద తేలిక భాగాలు ఆవిరై, బరువైనవి వార్నిషువలె అంటుకొనును. గార్డెన్ రీచ్ వంటి హుగ్లీ ఒడ్డున, వానకాలమంతా కదలక నిలిచిన కారుకు తేమ బాధ కూడా తోడగును. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుచున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకొనును. దానిని దృష్టిలో ఉంచుకొని తయారుచేయని పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా చెడిపోవచ్చును.

నాలుగింటిలో ఒక్కటి పూడితే ఏమగునన్నది అసలు ప్రశ్న. పరీక్షలో నాలుగు ఇంజెక్టర్లు ఒకే వ్యవధిలో 58, 60, 47, 59 మిల్లీలీటర్లు విడిచినవనుకొందాము. సగటు 56. మూడవది సగటుకన్న 16 శాతం తక్కువ. వేగంగా నడిపినప్పుడు ఆ ఒక్క సిలిండరులో ఇంధనము చాలక వేడిమి పెరిగి, టకటకమనే విస్ఫోటము పుట్టి, తుదకు పిస్టను తల దెబ్బతినవచ్చును. ఎగ్జాస్టులో ఆక్సిజన్ సెన్సారు ఉన్నా అది అన్నింటి సగటునే చూచును గనుక ఒక్కదాని కొరతను సరిదిద్దలేదు. ట్యాంకులో పోసే మందు పలుచని మురికిని కొంత కరిగించవచ్చునే గాని, ఏ ఇంజెక్టరు ఎంత విడుచుచున్నదో చెప్పజాలదు.

వృత్తి నిపుణుని వద్ద పని ఈ వరుసలో జరుగవలెను. మొదట తీగచుట్ట నిరోధము కొలుచుట. కొన్నిటికి 12 నుండి 16 ఓములు, మరికొన్నిటికి 2 లేక 3 ఓములు ఉండును. రెండవ రకానికి నేరుగా 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చుట్ట కాలిపోవచ్చును. తరువాత పీడనమిచ్చి మూసియుంచి చుక్క కారుచున్నదేమో చూచుట, తుంపర ఆకారము పరిశీలించుట, కొలగాజు గొట్టాలలో పరిమాణము కొలుచుట. ఆపైన అల్ట్రాసోనిక్ తొట్టిలో శుద్ధి. ద్రవంలో పుట్టిన సూక్ష్మ బుడగలు పగులుచు మురికిని రాల్చును. ఓడల ప్రొపెల్లరు రెక్కలను గుంటలు పడజేసే కావిటేషన్ ఇదే. అక్కడ శత్రువైనది ఇక్కడ సేవకుడు. చివరకు లోపలి జల్లెడ, రబ్బరు వలయాలు మార్చి, మొదటి పరీక్షలన్నీ మరల చేయవలెను. 1973లో వచ్చిన కె-జెట్రోనిక్ వంటి యాంత్రిక ఇంజెక్టర్లకు విద్యుత్ పరీక్ష ఉండదు. అవి ఏ పీడనంవద్ద తెరచుకొనునో కొలువవలెను.

శుద్ధికి ముందు, తరువాత వచ్చిన అంకెలు వ్రాసి ఇమ్మని అడుగుడు. పై ఉదాహరణలో శుద్ధి తరువాత 60, 61, 59, 60 వచ్చినచో కొత్తవి కొనవలసిన పని లేదు. మూడవది 50 దాటనిచో దానిని మార్చుట తప్పదు. మల్లిక్ బజారులో పాతవి దొరికినా, ఈ పరీక్ష చేయించిన పిదపనే బిగించవలెను. అసలు ఇంజెక్టర్లను అనుమానించుటకు ముందే స్పార్కు ప్లగ్గులు, కంప్రెషను, గాలి లీకులు, ఇంధన పీడనము చూచుకొనుట మేలు.

రాంచీలోని మన డీజిల్ ఇంజను కర్మాగారంలో ఇంజనులను పరీక్షా వేదికపై నడిపి చూచుట పరిపాటి. ఆ క్రమశిక్షణయే ఇంటి కారుకూ అవసరము.

భద్రత విషయంలో ఒక హెచ్చరిక. విప్పుటకు ముందు ఇంధన పీడనము తగ్గించి, బ్యాటరీ తీగ తీసివేయవలెను. దగ్గర నిప్పు ఉండరాదు. ఆర్పే సాధనము ఉండవలెను. బిగించిన తరువాత, స్టార్టు చేయకముందే పంపు నడిపి, ప్రతి అతుకునూ చూడవలెను. వేడి ఇంజనుపై పడిన పెట్రోలు చుక్క కారునే కాదు, అందులోని వారినీ బలిగొనగలదు. డీజిల్ ఇంజెక్టరు తుంపరలో చేయి ఎన్నడూ పెట్టరాదు. వందల బార్ల పీడనంతో వచ్చే ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిమొనంత కనబడినను ఆలస్యము చేయక శస్త్రవైద్యుని వద్దకు పోవలెను. ఈ మాట పనిలో ఉన్నవారికి ఇంటివారు కూడా గుర్తుచేయగోరుచున్నాము.

వచ్చే సంచికలో పాత ఇంధన గొట్టాల ఎంపికను గూర్చి ముచ్చటించుకొందాము.