కాథ్లీన్ అనే పడవ

దక్షిణ అమెరికా కొసన చిలీ దేశపు రేవు పట్టణం పుంటా అరేనస్. 1922లో అక్కడికి చేరిన ఒక అమెరికన్ చిత్రకారుడు పాత లైఫ్‌బోటు ఒకటి కొన్నాడు. మరమ్మతు చేయించి, తెరచాప కట్టించి, దానికి తన భార్య పేరు పెట్టాడు: కాథ్లీన్. ఆ పడవ మీద, ఇంకా దక్షిణాన ఉన్న కేప్ హార్న్ అగ్రాన్ని చుట్టి రావాలని ఆయన పట్టుదల. అప్పటికి అసలు కాథ్లీన్ వేల మైళ్ల అవతల ఉంది. ఐదుగురు పిల్లల భారం ఆమె మీదే ఉంది. కాపురం బీటలు వారి చాలా కాలమైంది.

ఆ చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్. 1930లో ‘మోబీ డిక్’ నవలకు ఆయన వేసిన నలుపు తెలుపు బొమ్మలను ఎరగని పుస్తక ప్రియులు తక్కువ. తనకు చిత్రకళ నేర్పిన ఆబట్ థేయర్ మేనకోడలు కాథ్లీన్ వైటింగ్‌నే ఆయన 1908 చివర్లో పెళ్లాడారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు. తర్వాతి కాలమంతా ఆయన ఏదో ఒక దూరతీరం వైపు చూస్తూనే గడిపారు. న్యూఫౌండ్‌లాండ్‌కు సంసారాన్ని వెంట తీసుకెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ గూఢచారి అన్న అనుమానంతో 1915లో అక్కడి ప్రభుత్వం వెళ్లిపొమ్మంటే, పిల్లాపాపలతో సహా మళ్లీ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది. 1918లో పెద్దకొడుకును మాత్రం వెంటబెట్టుకుని అలాస్కా వెళ్లి, అక్కడి ఒక చిన్న దీవిలో చలికాలమంతా ఉన్నారు. అక్కడి నుంచి భార్యకు రాసిన ఉత్తరాల నిండా ఆమె మీద బెంగే. అదే కాలంలో ఆయనకు వేరే స్త్రీతో సంబంధం ఉంది. ఈ రెండూ నిజమే. మనుషులు అలా ఉంటారని ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా, ఆ బెంగ నటన అని కొట్టిపారేయడానికి మనసు రాదు.

కేప్ హార్న్ దగ్గర సముద్రం ఎవరినీ లెక్కచేయదు. ఆ అక్షాంశాల్లో పడమటి గాలికి అడ్డుపడే నేల దాదాపు లేదు. భూగోళాన్ని చుట్టి వచ్చే అలలు ఆ ఇరుకులోకి వచ్చి పడతాయి. 1914లో పనామా కాలువ తెరిచాక ఓడలవాళ్లు చాలామంది ఆ దారే మానుకున్నారు. కెంట్, ఆయన తోడు వచ్చిన నార్వే నావికుడు మాత్రం చిన్న పడవతో బయల్దేరారు. పడవలోకి నీళ్లు చేరాయి. ఎదురుగాలులు ముందుకు పోనివ్వలేదు. చివరకు అడ్మిరల్టీ సౌండ్ తీరంలో దాన్ని వదిలి, కొండలు దాటి కాలినడకన ఉషువాయా పట్టణం చేరారు. అక్కడి నుంచి వేరే పడవలో హార్న్ సమీపంలోని దీవుల దాకా వెళ్లినా, తుపాను గాలికి వెనుదిరగక తప్పలేదు.

పడవలోకి చేరిన నీళ్లను కాపురానికి పోల్చడం తేలిక. కానీ ఆ పోలిక కాథ్లీన్‌కు అన్యాయం చేస్తుంది. పడవ ఆగింది గాలి వల్ల. కాపురం చెడింది ఒక మనిషి ఏళ్ల తరబడి తీసుకున్న నిర్ణయాల వల్ల. ఆయన దూరాన ఉండి ఆమె పేరు తలచుకుంటుంటే, ఇంటి దగ్గర సంసారాన్ని ఈదింది ఆమె. జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన రాత్రంతా కూర్చునే పని పడవకు పేరు పెడితే జరిగేది కాదు. ఈ మాటను కెంట్ మీద కోపంతో అనడం లేదు. మంచు కప్పిన ఆ శిఖరాలను, కింద నల్లటి నీళ్లను ఆయన చూపినట్టు చూపినవారు అరుదు. ఆ బొమ్మలు లేని లోకం కావాలని ఎవరూ కోరుకోరు.

ఆ యాత్ర మీద ఆయన పుస్తకం 1924లో వచ్చింది. 1925లో విడాకులయ్యాయి. మరుసటి ఏడాదే ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 1929లో మరో పడవలో గ్రీన్‌లాండ్‌కు వెళ్లారు. ఆ పడవ అక్కడి తీరాన బద్దలైంది. దాని మీద కూడా మంచి పుస్తకమే రాశారు.

కళాకారుల జీవిత కథలు రాసేవారికి, చదివేవారికి ఒక మనవి. సాహసయాత్రల లెక్క రాసేటప్పుడు ఇంటి దగ్గర ఉండిపోయినవారి ఏళ్లను కూడా ఖర్చు కింద రాయండి. కాథ్లీన్ వైటింగ్ విషయంలో ఆ ఖర్చు పదహారేళ్లు.