నాయకుడి నీతికి లెక్క అడిగేదెవరు?

ఇటీవల ఒక ఊళ్ళో వ్యవసాయ కార్మికుల సమావేశం ముగిశాక, పరిచిన చాప చుడుతూ ఒక ముసలమ్మ మమ్మల్ని నిలబెట్టి అడిగింది. "అందరూ తినేవోళ్ళే గదా నాయనా! మీరు తినట్లేదు, బానే వుంది. ఎన్నాళ్ళు తినకుండా వుంటారు?" పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాం. కాని తిరుగు బస్సులో ఆ మాట మమ్మల్ని వదిలిపెట్టలేదు. ఆమె మమ్మల్ని తక్కువ చెయ్యాలని అడగలేదు. వాన ఎప్పుడు పడుతుందని అడిగినట్టే అడిగింది. నాయకుడన్నవాడు తింటాడు, ఇవాళ కాకపోతే రేపు. ఇది ఆమెకు ఎండావానల్లాంటి సంగతి అయిపోయింది. ఆ ఊరి ఆడవాళ్ళు మమ్మల్నే అలా అడగడానికి వేరే కారణం కూడా వుంది. దాని దగ్గరకు తర్వాత వస్తాం. ముందు పై నుంచి చూద్దాం.

ఎన్నికల బాండ్లనే తీసుకోండి. 2017 ఆర్థిక చట్టంలో దారి వేసి, 2018 నుంచి స్టేట్ బ్యాంకు ద్వారా అమ్మారు. కంపెనీ తన లాభంలో ఇంత శాతానికి మించి పార్టీలకు ఇవ్వరాదన్న పాత పరిమితిని తీసేశారు. ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియనక్కరలేదన్నారు. దీనిపై మార్క్సిస్టు పార్టీ, మరికొన్ని సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. మార్చిలో పేర్లు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బి.జె.పి.కి 6,000 కోట్లకు పైన ముట్టింది. మన దగ్గర బి.ఆర్.ఎస్.కు 1,200 కోట్లకు పైన, వై.సి.పి.కి 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు. కేంద్రంలో ఎవరు, ఇక్కడ ఎవరు అన్న తేడా పెద్దగా లేదు. అధికారం ఎక్కడుంటే డబ్బు అక్కడికి నడిచింది.

బాండ్లు కొన్నవారిలో దేశంలో రెండవ స్థానం హైదరాబాదు కేంద్రంగా వున్న మేఘా ఇంజనీరింగ్ కంపెనీది. 966 కోట్లు. నీటిపారుదల ప్రాజెక్టుల కాంట్రాక్టులు చేసే కంపెనీ అది. అంత సొమ్ము మన బుర్రకెక్కదు గనుక మనకు తెలిసిన కొలతలో కొలుద్దాం. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి పనికి ప్రకటించిన కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన 966 కోట్లంటే 3 కోట్ల 22 లక్షల పనిదినాలు. 3 లక్షల 22 వేల కుటుంబాలు నూరేసి రోజులు ఎండలో గడ్డపార పట్టుకుంటే వచ్చే కూలి. అంత సొమ్ము ఒక కంపెనీ పార్టీలకు ఊరికే ఇస్తుందని నమ్మే అమాయకుడు మన పేటలో ఒక్కడు కూడా లేడు.

ఇక చట్టం సంగతి. 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు కొందరు డబ్బు తీసుకుని ప్రభుత్వాన్ని గట్టెక్కించారని కేసు నడిచింది. (పి.వి.గారికి 2000లో కింది కోర్టు వేసిన శిక్షను 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అది వేరే సంగతి.) ఆ కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పినది వినండి. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఇస్తున్నది గనుక, లంచం పుచ్చుకుని ఓటు వేసినవారిని విచారించడం కుదరదట. పుచ్చుకుని ఓటు వెయ్యనివాడికి మాత్రం ఆ రక్షణ లేదట! అంటే తిన్నవాడు మాట నిలబెట్టుకుంటే చట్టం వాడి పక్షం. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఈ తీర్పును రద్దు చేశారు. మధ్యలో ఇరవైఆరేళ్ళు గడిచాయి. కోతల్లో కొంగున నాలుగు వెన్నులు కట్టుకున్న ఆడమనిషికి సాయంత్రానికి కూలి కట్. పది మందిలో దొంగ అన్న పేరు. అక్కడ మాత్రం ఇరవైఆరేళ్ళు!

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 2022లో ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు. నియోజకవర్గంలో రెండు లక్షల మంది ఓటర్లుంటే ఒక్కొక్కరికి 20 రూపాయలు. టీకి, బన్నుకు సరిపోతుంది. పోలింగు ముందు రాత్రి కవర్లో ఎంత పెట్టి ఇచ్చారో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మనవాళ్ళు కూడా ఆ కవరు తీసుకుంటున్నారు. దాచి ప్రయోజనం లేదు. తీసుకున్న కూలివాణ్ణీ పంచిన కోటీశ్వరుణ్ణీ ఒకే గాటన కట్టి, జనమే చెడిపోయారని నిట్టూర్చే పెద్దమనుషులతో మాత్రం మేము ఏకీభవించం. వీడు తీసుకునేది వాడు అయిదేళ్ళలో ఇసుకలోంచి, చెరువు మట్టిలోంచి, మస్టరులోంచి, పట్టాల్లోంచి రాబట్టుకునేదాని మీద ముందస్తు ముట్టజెప్పే చిల్లర. అయితే ఆ చిల్లర పుచ్చుకున్న మర్నాటి నుంచి వాణ్ణి నిలదీయడానికి నోరు లేవదన్నది కూడా నిజం. కవరులో వాళ్ళు కొనేది ఓటునొక్కదాన్నే కాదు, అయిదేళ్ళ మౌనాన్ని.

ఇలాంటి రోజుల్లో మన సభల్లో సుందరయ్యగారి సైకిలు ప్రస్తావన రాకుండా వుండదు. 1952లో రాజ్యసభకు వెళ్ళి, అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడై వుండి, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన మనిషి. నెల్లూరు జిల్లా అలగానిపాడులో కలిగిన ఇంట పుట్టి, పేరులోని కులం తోక తీసేసి, తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చి, పిల్లలు వద్దనుకున్న దంపతులు వారు. సొంత ఊళ్ళో కూలీలను సంఘంగా కూడగట్టడంతో మొదలుపెట్టిన నాయకుడు ఆయన. విధానంలో తేడా వచ్చినప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. పదవి పట్టుకు వేళ్ళాడలేదు. ఆయన ఒక్కరే కాదు. తరిమెల నాగిరెడ్డి 1969లో అసెంబ్లీ సభ్యత్వాన్ని వదిలేసి బయటికొచ్చారు. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య ఎమ్మెల్యేగా వుండి కూడా ఆర్టీసీ బస్సులోనే తిరిగారు. వీరి రాజకీయ మార్గాలు వేరు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు.

సైకిలు కథ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మేమూ చాలాసార్లు చేశాం. ఆ కథలో మనం వదిలేసే సంగతి ఒకటి వున్నది. ఆయన ఎంత గొప్పవాడైనా, ఆ పార్టీలో ఎంపీ అయినవాడు తన జీతం పార్టీకి కట్టి, పార్టీ ఇచ్చే కార్యకర్త వేతనం మీద బతకాలన్న పద్ధతి వుండేది. ఆస్తి ఎంత, ఖర్చు ఎంత అని అడిగే కమిటీ వుండేది. ఆయన నిజాయితీకి ఆయన గుణం ఒక కాలు, ఆ పద్ధతి రెండో కాలు. మనం మొదటి కాలికి దండ వేసి, రెండోదాన్ని మర్చిపోయాం. అలా మర్చిపోవడం తేలిక కూడా. గొప్ప గుణం మనకు లేదని ఒప్పుకుంటే సరిపోతుంది, "ఆ రోజులు వేరులే" అనుకుని ఇంటికి పోవచ్చు. లెక్క చెప్పడానికి మాత్రం గొప్పతనం అక్కరలేదు. పుస్తకం, పెన్ను వుంటే చాలు. అందుకే అది కష్టం.

ఇప్పుడు ఆ ఊరి సంగతి.

కొన్నేళ్ళ క్రితం అక్కడ ప్రభుత్వ బంజరులో ఇళ్ళ స్థలాల కోసం గుడిసెలు వేశాం. 61 రోజులు. లాఠీలు తగిలాయి, కేసులు పడ్డాయి. చివరికి 42 పట్టాలు వచ్చాయి. పోరాటాన్ని నడిపినవాడు మా సంఘం మనిషే. ధైర్యస్తుడు, రెండుసార్లు జైలుకు పోయివచ్చినవాడు. పట్టాల జాబితా చూస్తే అందులో అతని బావగారి పేరు వుంది. ఆ బావకు మూడెకరాల మాగాణి వుంది, ఒక్కరాత్రి కూడా గుడిసెలో పడుకున్నవాడు కాదు. ఆ పేరు ఎక్కడానికి జాబితాలోంచి తీసేసినది ఒక ఒంటరి ఆడమనిషిని. చంకలో పిల్లతో 61 రోజులూ అక్కడే వున్న మనిషి.

ఆ రాత్రికే మాకు తెలిసింది. మేము ఏం చేశాం? నలుగురం కూర్చుని, ఇప్పుడు బయటపెడితే శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టవుతుందని తేల్చాం. సంఘం పరువన్నాం. తర్వాత చూద్దామన్నాం. మూడేళ్ళపాటు ఆ పేట నుంచి ఒక్క ఆడమనిషి సభకు రాలేదు. చైతన్యం తగ్గిందని మేము పై కమిటీకి రిపోర్టు రాశాం! నాలుగో ఏట గాని రచ్చబండ దగ్గర అందరి ముందూ ఆ సంగతి ఎత్తలేదు. అప్పుడు అతను అన్న మాట ఇది: "జైలుకు పోయింది నేను. దెబ్బలు తిన్నది నేను. ఒక్క పట్టాకు ఇంత రాద్ధాంతమా?"

ఈ మాటను కార్యకర్తలు జాగ్రత్తగా వినాలి. అతను అబద్ధం చెప్పలేదు. దెబ్బలు తిన్నమాట నిజం. తన త్యాగాన్ని బ్యాంకులో వేసిన డిపాజిట్టు అనుకున్నాడు. కొన్నాళ్ళయ్యాక వడ్డీతో తీసుకోవచ్చనుకున్నాడు. డబ్బు కోసం రాజకీయాల్లోకి వచ్చినవాణ్ణి జనం దూరం నుంచే పోల్చుకుంటారు. ఆశయంతో వచ్చి, ఆ ఆశయం చేసిన కష్టాన్నే హక్కుపత్రంగా మార్చుకున్నవాణ్ణి పోల్చుకోవడం అంత తేలిక కాదు. మాకే మూడేళ్ళు పట్టింది. పోల్చుకోలేక కాదు, చెప్పలేక. అతనిప్పుడు వేరే పార్టీలో వున్నాడు, రోడ్ల కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఆ పట్టా ఇప్పటికీ బావ పేరు మీదే వుంది. ఆ ఒంటరి మనిషి ఇప్పటికీ కాలవగట్టు మీదే వుంది. మమ్మల్ని అడిగిన ముసలమ్మ ఆమెకు మేనత్త.

పైవాళ్ళ బాండ్ల గురించి గొంతు చించుకునే మాకు, మా జాబితా మీద మా ఊళ్ళోనే గొంతు పెగల్లేదు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను సామాజిక తనిఖీ పెట్టినప్పుడు, మస్టర్లు జనం ముందు చదవాలని మేము ఊరూరా తిరిగి చెప్పాం. చచ్చిపోయినవాళ్ళ పేర్ల మీద కూలి ఎత్తినవాళ్ళను ప్రజావేదికల్లో నిలబెట్టాం. ఆ చట్టాన్ని 2025 డిసెంబరులో పక్కకు నెట్టి వేరే చట్టం తెచ్చారు. దాని సంగతి మరోసారి రాస్తాం. ఇక్కడ చెప్పవలసింది, ఫీల్డు అసిస్టెంటును అడిగిన ప్రశ్న మనం మన కార్యదర్శిని అడగలేదన్నది.

ఆ రచ్చబండ మీటింగు తర్వాత ఆ ఊళ్ళో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి నెలా మొదటి ఆదివారం రాత్రి సంఘం పుస్తకం తెచ్చి అందరి ముందు చదువుతారు. సభ్యత్వం ఎంత వచ్చింది, చందా ఎవరిచ్చారు, మాకు ఇచ్చే వేతనం ఎంత, బస్సు ఛార్జీలెంత, టీలెన్ని. పదో తరగతి చదివే ఒక పిల్ల చదువుతుంది. మొదట్లో టీల దగ్గరే అరగంట తగాదా నడిచేది. మాకు చిరాకు వేసేది, దాచడం దేనికి! దున్నేవాడికే భూమి కావాలని ఉపన్యాసం చెప్పి వచ్చిన మనిషిని పట్టుకుని, నలభై టీలెవరు తాగారని అడుగుతారు. ఏం చేస్తాం, అడుగుతారు.

ముసలమ్మ ప్రశ్నకు ఆ రోజు మేము జవాబు చెప్పలేదు. తర్వాతి ఆదివారం వెళ్ళినప్పుడు, "నువ్వు అడుగుతున్నన్నాళ్ళు వుంటాం పెద్దమ్మా" అన్నాం. "సర్లే గాని, పుస్తకం తియ్యి" అన్నది. ఆ నెల కలెక్టరాఫీసుకు అర్జీలు పట్టుకెళ్ళిన ఖర్చులో 340 రూపాయలకు రసీదు లేదు. జెరాక్సు షాపువాడు ఇవ్వలేదని చెప్పాం. ఆమె ఒప్పుకోలేదు. పుస్తకంలో ఆ గడి ఇంకా ఖాళీగానే వుంది.