అష్రఫీ అమ్మువాని మాట

శీతకాలపు సెలవులకు స్వదేశమునకు బోవు మన సభ్యులలో సికింద్రాబాదు మారేడ్‌పల్లి వారి సంఖ్య తక్కువేమియు గాదు. పడమటి మారేడ్‌పల్లిలోను తూర్పు మారేడ్‌పల్లిలోను వృద్ధులైన తల్లిదండ్రులు కాపురముండ, పిల్లలు డాలసునందో సిడ్నీయందో స్థిరపడి, యేడాదికొకమారు వచ్చి, బ్యాంకు పనులు, పంటివైద్యము, దగ్గరివారి పెండ్లిండ్లు, పట్టుచీరెల బేరములు గుక్క తిప్పుకొనకుండ ముగించుకొని మరల విమానమెక్కుచుందురు. ఈ పనుల పట్టికలో ఇటీవల మరియొకటి చేరినది: నిజాము కాలపు బంగారు అష్రఫీ నొకదానిని సంపాదించుట. ఏ దుకాణమును నమ్మవచ్చునని మమ్ము అడుగువారును గలరు. దుకాణముల పేళ్ళు చెప్పుట ఈ పత్రిక పని కాదు. కాని నమ్మదగిన వర్తకుని పోల్చుకొనుట యెట్లో నాలుగు మాటలు చెప్పుట అనుచితము కాదని తోచినది.

కోరికను మేము తప్పుపట్టము. అష్రఫీ నిజముగ చూడముచ్చటైన వస్తువు. 1903లో సైఫాబాదున వెలసిన యంత్రటంకశాలలో, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను కాలమునను, 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాను కాలమునను ముద్రితములైన అష్రఫీలపై ఒకవంక చార్మినారు నిలిచియుండును; దాని నడిమి ద్వారమున మహబూబు నాణెమైనచో ‘మీమ్’ అను అక్షరమును, ఉస్మాను నాణెమైనచో ‘ఐన్’ అను అక్షరమును కానవచ్చును; చుట్టును ఆసఫ్‌జాహీ బిరుదములు, వానితోపాటు ముహమ్మదు నామమునకు, అక్షరములకు అంకెలనిచ్చు అబ్జదు లెక్కలో వచ్చు 92 అను సంఖ్య. రెండవవంక పాలనసంవత్సరమును, ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అను టంకశాల నామమును ఉండును. తూకము 11 గ్రాములకు పైచిలుకు, వన్నె నూటికి 91 పాళ్ళు. సగము, పావు, అరపావు అష్రఫీలును గలవు. అరపావుదానిపై గోరంత స్థలములో చార్మినారునంతను ఇమిడ్చిన ఆ అచ్చు చెక్కినవాని చేతిపనికి మ్రొక్కవలసినదే.

సికింద్రాబాదునకు నాణెముల వ్యవహారము కొత్త గాదు. 1806లో నాటి నిజాము సికిందర్ జాహ్ పేర వెలసిన ఈ దండుబస్తీలో ఆంగ్లేయుల ‘కల్దారు’ రూపాయి చెల్లుచుండగా, హుస్సేన్‌సాగరమునకావల నిజాముగారి ‘హాలీ సిక్కా’ చెల్లుచుండెడిది. నూరు కల్దార్లకు నూటపదియారు హాలీలకు పైగా మారకముండుటచే, ఇటు జీతము పుచ్చుకొని అటు సరుకు కొనువాడెవడైనను షరాబు గడప త్రొక్కక తప్పెడిది కాదు. ఆ షరాబు సాధుపురుషుడని మేము చెప్పబోము. వట్టము పుచ్చుకొనుటలో అతడు దయాళువుగ నుండెనని యెవరును చెప్పలేదు. కాని నేడు మోసపోయినవాడు రేపుదయమున పదిమందిని వెంటబెట్టుకొని అదే అరుగు మీదికి వచ్చునను భయమొకటి అతనికుండెడిది. మన ప్రవాసులకు లేనిది సరిగా ఆ బలమే. నెలలోపల విమానమెక్కిపోవు కొనుగోలుదారు, పరీక్షకు తీరిక లేనివాడు, డాలరు లెక్కలో ధర చూచి చౌకయనుకొనువాడు, తిరిగివచ్చి తగవుపెట్టుకొననివాడు: వంచించు తలంపు గల వర్తకునికి ఇంతకు మించిన అతిథి దొరకడు.

బంగారమును గూర్చి యైతే నేడంత చింత అక్కరలేదు. నగలపై హాల్‌మార్కు ముద్ర 2021 జూను నుండి తప్పనిసరియైనది. దానితోడి ఆరక్షరముల సంఖ్యను ఫోనులోనే సరిచూచుకొనవచ్చును. 2015లో కేంద్రప్రభుత్వము విడుదల చేసిన అశోకచక్రపు బంగారు నాణెమువంటివి కొనువానికి తూకము, వన్నె, నాటి ధర తెలిసిన చాలును. పాత నాణెమునకు హాల్‌మార్కు ఉండదు. అయినను దానియందలి లోహమును పరీక్షించుట కష్టము గాదు. ఇత్తడికి బంగారుపూత పూసి కాసు బరువు తేవలెనన్న దాని మందము ఇంచుమించు రెట్టింపు కావలెను. త్రాసు, మందముకొలత రెండు చాలును దాని గుట్టు బయటపెట్టుటకు. ఎక్స్‌రే యంత్రము పైపొరను మాత్రమే చదువుననుట మరువరాదు. ఇక తాతలనాటి ఒరగల్లు పరీక్షయా, అది నగకు చేయదగినదే కాని నాణెమునకు చేయరాదు; ఒరగల్లుపై రాచిన అంచు గల అష్రఫీని సంగ్రాహకుడు ముట్టడు.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. బంగారము మేలైనదై నాణెము మాత్రము దొంగది కావచ్చును. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీలోని మిలాను నగరమున ఒకడు ఆంగ్లేయుల సావరిన్లను సొంతముగ అచ్చువేసి యమ్మెను. అందు బంగారము తక్కువ గాదు. 1950ల ఆరంభమున పట్టువడి స్విట్జర్లాండు న్యాయస్థానము నెక్కగా, సావరిను చెలామణిలోని ద్రవ్యము కాదను వాదముపై అక్కడి వారు వానిని ఇటలీకి అప్పగింప నిరాకరించిరి. వాని లాభమంతయు బంగారపు ధరకును నాణెపు ధరకును నడుమనున్న అంతరమునందే యుండెను. నిజాము అష్రఫీకైనను, 1918లో బొంబాయిలో ముద్రింపబడి గుఱ్ఱపు పాదములక్రింద ‘ఐ’ అను ఆంగ్లాక్షరము ధరించిన జార్జి సావరినుకైనను మనము లోహపు వెలకు మీద చెల్లించు సొమ్ము ఆ అంతరమే. అది త్రాసునకు తూగదు, యంత్రమునకు అందదు. దానికి ఆధారము అమ్మువాని విద్యయు, మాటయును.

ఒక్క ఉదాహరణము చాలును. మన యిండ్లలోని పాత కాసులపేరులను విప్పినప్పుడు వచ్చు సావరిన్లను, అష్రఫీలను వెలుతురున ఏటవాలుగ పట్టి చూడుడు. పై అంచున, రాజు తలకో చార్మినారునకో సరిగా మీద, కొక్కెము అతికిన టంకము ఊడదీయగా మిగిలిన చిన్న మచ్చ యుండును. అచ్చట అంచుగాట్లు రెండుమూడు చెరిగి నున్ననై యుండును. మచ్చను దాచుటకు కంసాలి మెరుగుపెట్టినచో ముఖమంతయు అద్దమువలె మెరయును. కాని చార్మినారు గవాక్షముల మొనలు అరిగి, అక్షరముల ప్రక్కనుండవలసిన సన్నని నీడ మాయమగును. ఎరుగనివాడు ఆ మెరుపునకే మురిసి ఎక్కువ యిచ్చును. ఎరిగినవాడు దానికి లోహపు ధరకు మించి కాసైనను పెట్టడు. తన దుకాణములోని నాణెమునకు ఈ మచ్చ ఉన్నదని, మీరు కనుగొనకముందే, తానై వ్రేలుపెట్టి చూపిన వర్తకుడు మాకు నచ్చును.

కావున జనరల్ బజారుననో పాట్ మార్కెట్టుననో ఒక మెట్టెక్కినవారు మొదట కొనుమాట మాని అమ్ముమాట యెత్తవలెనని మా అభిప్రాయము. “ఇదే నాణెమును వచ్చే యేడు తెచ్చినచో మీరెంతకు పుచ్చుకొందురు?” అని అడుగుడు. నాటి బంగారపు ధర కింత, అరుదైనదగుటచే ఇంత అని విడమరచి చెప్పువాడొకరకము. “ధర పెరుగునే కాని తరుగునా అమ్మా” అని మాట దాటవేయువాడొకరకము. చిన్న అరపావు అష్రఫీ నొకదానిని కొని, కొద్దిదినముల తరువాత ఇంటిపెద్దలచే మరల అచ్చటికే అమ్మకమునకు పంపి చూచుట ఇంకను మేలు. అందు నష్టమగు కొంచెము సొమ్ము చదువునకిచ్చిన ఫీజనుకొనవచ్చును. తొందరపెట్టువానిని, “మీ వంటి విదేశీయులకే చూపుచున్నాను” అనువానిని మేమైతే ఆ మాటతోనే విడిచి లేతుము. అమెరికా సంస్థలు 1980ల నుండి నాణెములకు 70 అంకెల కొలతపై శ్రేణి నిర్ణయించి ప్లాస్టికు పెట్టెలలో బిగించి యిచ్చుచున్నవి. అవి ఉపకరించునవే, కాని ఆ పెట్టెలకు కూడ నకళ్ళు పుట్టినవి గనుక పెట్టెపై సంఖ్యను సంస్థ పట్టికలో సరిచూడవలెను.

అన్నిటికంటె పెద్ద పరీక్ష చట్టము. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ననుసరించి నూరేండ్లకు తక్కువ గాని నాణెము పురావస్తువు. దానిని వ్యక్తులు దేశము దాటించుట నిషిద్ధము. దాటించినవానికి ఆరు నెలలకు తగ్గని, మూడేండ్ల వరకు సాగు కారాగారమును జరిమానాయును విధింపదగును. మహబూబు కాలపు అష్రఫీలన్నియు ఈ గీత దాటినవే. ఉస్మాను నాణెములును సంవత్సరమునకొక వరుస చొప్పున దాటుచున్నవి. హిజ్రీ 1343 అని యున్నది 1924–25 నాటిదని లెక్కకట్టుకొనుడు. హిజ్రీ యేడు చాంద్రమానమగుటచే మన యేటికంటె పొట్టి యని మరువరాదు. పురావస్తువుల నమ్మువానికి అదే చట్టముక్రింద లైసెన్సు కావలెను. చూపుమని యడుగుటలో సంకోచ మక్కరలేదు. “సామానులో నొక మూల వేసికొనుడు, ఎవరు చూతురు?” అని చెప్పు వర్తకుడు నాణెమును గూర్చి చెప్పిన మిగిలిన మాటలన్నియు అదే తరగతివని తలపవలెను. మీరు విదేశవాసులని తెలిసి, “దీనిని తీసికొనిపోరాదు, మీకు పనికిరాదు” అని బేరము తానే చెరుపుకొనువాడు దొరికెనా, అతని గడప విడువకుడు.

అమెరికాలో కొనువారికిని చిక్కులు లేకపోలేదు. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వము ప్రజల బంగారమును జప్తుచేసినపుడు సంగ్రాహకుల అరుదైన నాణెములను మినహాయించెనను మాట సత్యమే; కాని ఆ సత్యమును చూపి, రేపో మాపో మరల జప్తు కలుగునని వృద్ధులను ఫోనులో బెదరించి, సామాన్యపు నాణెములను అరుదైనవను పేర రెట్టింపు ధరకు అంటగట్టు వ్యాపారము అక్కడ బహుకాలముగ సాగుచున్నది. ఫోనులో వచ్చిన బంగారము ఫోనులోనే పోవలెను.

రసీదు విషయము. తూకము, సంవత్సరము, ముద్రభేదము, రెండువంకల ఛాయాచిత్రములు, బంగారపు ధర వేరుగను అదనపు ధర వేరుగను అందుండవలెను. నగదుగ 2 లక్షల రూపాయలు గాని అంతకు మించి గాని పుచ్చుకొనరాదని చట్టమున్నది గనుక రసీదు లేకుండ నగదుకు తగ్గింతుమను మాట వినరాదు. నాణెము ఎట్లును మారేడ్‌పల్లిలోని బ్యాంకు లాకరులోనే యుండవలసినదగుటచే, రసీదు మీ తల్లిదండ్రుల పేరనే వ్రాయించి, లాకరునకు నామినీగ స్వదేశమునందే యుండు బంధువును నియమించుట మంచిది.