దీపము క్రింది చీకటి

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుమని పెద్దలు చెప్పిరి. దీపమునే చక్కబెట్టుకొనజాలని యింటి మాట వారు చెప్పలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములందేమి, ఆత్మకూరు (ఎస్) వంటి మండల కేంద్రములందేమి, ఫాల్స్ సీలింగు వేయించిన పాత యిండ్ల స్నానపుగదులలో, కప్పులోనికి చొప్పించిన దీపములు ఒకటొకటిగా ఆరిపోవుచున్నవి. మారు దీపమును కొనబోయిన గృహస్థునకు తఱచుగా దొరకు సమాధానమొక్కటే: పాతవి రావు, కప్పు కోసి క్రొత్త ప్యానెలు వేయించుకొనుడని. విచారణ లేని యీ తీర్పును మేమంగీకరింపజాలము.

పాత దీపములన్నియు నొక్క జాతివి కావు. రెండు సన్నని సూదుల హాలోజను దీపమునకు కావలసినది 12 వోల్టులు. దానిని నడపు ట్రాన్స్‌ఫార్మరు కప్పుపైన దాగియుండును. రెండు లావు మొలలతో త్రిప్పి బిగించునది 230 వోల్టులది. పిన్నుల సి.ఎఫ్.ఎల్. దీపమునకు వేఱుగా చోకుండును. 2015 జనవరి 5వ తేదిన ఆరంభమైన ఉజాలా పథకమున పంచబడిన ఎల్‌.ఇ.డి. బల్బులు 36 కోట్లకు పైబడినవి. అది మెచ్చదగిన కార్యమే. కాని ఆ బల్బు సాధారణపు హోల్డరునకే గాని యీ సూదులకు పట్టదు. 12 వోల్టుల దీపమును 230 వోల్టుల తీగకు ముడివేసినచో అది కాలిపోవును.

మేమును తప్పు చేసినవారమే. నాలుగు దీపములు రసీదు లేక కొంటిమి. అవి మిణుకుమిణుకుమని రెండు మాసములలో ఆరినవి. దోషము కప్పుపైని పాత ట్రాన్స్‌ఫార్మరుదని పిదప తెలిసినది. 50 వాట్ల హాలోజనుకై చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మరులలో అనేకము, 6 వాట్ల స్వల్పభారముతో సరిగా నడువవు. దానిని కూడ మార్పింపవలయునని మాకు చెప్పినవారు లేరు. తిరిగి అడుగబోయితిమి, చేత రసీదు లేదు. న్యాయవాదికే యీ గతియైన, సామాన్యుని సంగతి యేమి?

మార్చుటవలన లాభము లేదా? 50 వాట్ల దీపములు నాలుగు దినమునకు మూడు గంటలు వెలిగిన, సంవత్సరమునకు 219 యూనిట్లు. 6 వాట్లవైన 26 యూనిట్లు మాత్రమే. ఇంత లాభము కప్పు కోయకయే దొరకునపుడు, కోయుమని తొందరపెట్టుట యెవరి మేలునకు?

అయితే పాత గూడు పనికిరానిచో తీసివేయవలసినదే. స్నానపుగదిలో నీటి తుంపరనుండి కాపాడునది బల్బు కాదు. గూటి గాజుమూతయు, దాని రబ్బరు పట్టీయు. అవి పగిలినను, హోల్డరు త్రుప్పుపట్టినను, ఐ.పి. 44 గుర్తుగల క్రొత్త గూడు కొనుడు; జల్లుస్నానమునకు నేరుగా పైనుండునది ఐ.పి. 65 అయిన మేలు. మూత బిగించిన గూటిలో ఎల్‌.ఇ.డి. వేడి బయటికి పోలేక ఆయువు తగ్గును. కావున మూసిన గూటికి తగునని పెట్టెపై వ్రాసినదే కొనవలయును.

వర్తకులనే నిందించిన న్యాయము కాదు. "ఎన్ని వాట్లు? ఎంత?" అని మాత్రమే మనమడుగుచున్నాము. వాటు ఖర్చునకు కొలత, వెలుగునకు కాదు. వెలుగును ల్యూమెన్లలో అడుగుడు. అద్దము ముందు ముఖము సహజముగా కనబడవలెనన్న, 6500 కెల్విన్ల నీలపు తెలుపు వలదు. 3000 మొదలు 4000 లోపలిది చాలును. భారతీయ ప్రమాణ సంస్థ రిజిస్ట్రేషను సంఖ్య లేని పెట్టెను ముట్టకుడు. రసీదు నడుగుటకు సిగ్గుపడకుడు. సరకమ్మి రసీదు నీయకుండుటను 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము అనుచిత వ్యాపారపద్ధతులలో చేర్చినది.

పాఠక మహాశయులారా! మెయిను స్విచ్చి నాపి, పనివానిచే పాత దీపమును దింపించి, కాగితమున చుట్టి, అంగడికి చేతబట్టుకొని పొండు. సి.ఎఫ్.ఎల్. అయినచో పాదరసముండును, పగులనీయకుడు. అడుగనేర్చినవానికి తగిన దీపము దొరకును. అడుగనివాని కప్పునకు కోతయే మిగులును.