డీఎన్‌ఎస్‌లో ‘లేదు’ కూడా జవాబే

విశాఖలో ఇప్పుడు ఏ ఇంజినీరింగ్ కాలేజీ క్యాంటీన్‌కి వెళ్లినా డేటా సెంటర్ ముచ్చటే. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. కానీ మొన్నామధ్య పోర్టు దగ్గర ఓ చిన్న క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో నేను చూసిన సమస్యకి ఏఐ అక్కర్లేదు, డీఎన్‌ఎస్ తెలిసిన కుర్రాడు ఒక్కడు చాలు.

వాళ్లు ఇంటర్నెట్ కంపెనీ మార్చారు. మర్నాడు ఫైళ్ల సర్వరు సగం కంప్యూటర్లలో మాయం. యూట్యూబ్ మాత్రం భేషుగ్గా వస్తోంది! కంటైనర్ల కాగితాలన్నీ ఆ సర్వర్లోనే. గడువు దాటితే డెమరేజీ.

సర్వరు పేరు ‘ఫైల్స్ డాట్ ల్యాన్’. ఆ పేరుకి ఐపీ అడ్రస్ ఏమిటో ఆఫీసు డీఎన్‌ఎస్‌కే తెలుసు. కొత్త రూటరేమో తన దగ్గర అడ్రస్ తీసుకున్న ప్రతి కంప్యూటర్‌కీ ప్రొవైడర్ డీఎన్‌ఎస్‌ని అంటగట్టింది. అదేమో ‘అలాంటి పేరు లేదు’ అంది. పాపం, దాని తప్పేం లేదు.

ఇక్కడ చాలామంది చేసే రిపేరు ఒకటుంది. మొదటి డీఎన్‌ఎస్‌గా మనది, రెండోదిగా ప్రొవైడర్‌ది పెట్టేయడం. మొదటిది తెలియదంటే రెండోదాన్ని అడుగుతుందనుకుంటాం. అలా జరగదు. ‘లేదు’ అన్నదీ జవాబే, వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. రెండోదాని వంతు మొదటిది అసలు పలకనప్పుడే. మనది ఒక్క క్షణం తడబడితే కంప్యూటర్ ప్రొవైడర్‌ని అడుగుతుంది, ‘లేదు’ అనిపించుకుని దాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. ‘ఓసారి వస్తోంది, ఓసారి రావట్లేదు సార్’ అనే ఫిర్యాదు ఎక్కువగా ఇదే. కంప్యూటర్లన్నీ ఆఫీసు డీఎన్‌ఎస్‌నే అడగాలి, బయటి పేర్లని అది ప్రొవైడర్‌కి పంపాలి. స్పేర్ కావాలంటే లోపలే ఇంకోటి పెట్టుకోవాలి.

పేరు ఎంపికా ముఖ్యమే. టెస్టింగ్‌కి ‘డాట్ డెవ్’ వాడుకున్న డెవలపర్లకి 2017 డిసెంబరులో క్రోమ్ 63 షాకిచ్చింది. ఆ డొమైన్ గూగుల్‌ది, హెచ్‌టీటీపీఎస్ లేకపోతే తెరుచుకోనంది. ‘డాట్ లోకల్’ 2013 నుంచి ప్రింటర్ల వంటివి ఒకదాన్నొకటి కనుక్కునే ఎండీఎన్‌ఎస్‌ది. లోపలి నెట్‌వర్కుల కోసమని ఐకాన్ 2024 జులైలో ‘డాట్ ఇంటర్నల్’ని పక్కన పెట్టింది. కొత్తగా పెట్టేవాళ్లు అదే వాడండి.

నెట్‌వర్క్ ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ వేసి, ఎన్‌ఎస్‌లుకప్‌తో రెండు సర్వర్లనీ ఒకే పేరు అడిగి చూడండి. అరగంట పని.

ఆ ఆఫీసులో ఇప్పుడంతా సరిగ్గానే నడుస్తోంది. మానిటర్ల మీద ఐపీ అడ్రస్ రాసి అంటించిన చీటీలు మాత్రం ఇంకా పీకలేదు.