అతుకులు వేసేవాణ్ణి

కలకత్తాకు ఎగువన హుగ్లీ నదికి ఒక ఒడ్డున బారక్‌పూర్, ఎదుటి ఒడ్డున సేరంపూర్. ఒకచోట గవర్నర్ జనరల్ విడిది. రెండవచోట, ఆనాటి డేనిష్ జెండా నీడన, 1800 నుంచి బాప్టిస్టు మిషనరీల నివాసమూ అచ్చుకూటమూ. ఒకనాడు లార్డ్ హేస్టింగ్స్ ఇచ్చిన విందుకు విలియం కేరీ వెళ్ళాడు. అప్పటికాయన ఫోర్ట్ విలియం కళాశాలలో ఆచార్యుడు. విందులో ఒక సైనికాధికారి పక్కవానితో, “ఈయన ఒకప్పుడు జోళ్ళు కుట్టేవాడట కదా?” అన్నాడు. ఆ మాట కేరీ చెవిని పడింది. ముందుకు వచ్చి, “కాదండీ, అంతటివాణ్ణి కాను. పాతజోళ్ళకు అతుకులు వేసేవాణ్ణి మాత్రమే” అన్నాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు.

ఈ ఒక్క వాక్యాన్ని తెలుగు చేయడానికి ఒక సాయంకాలమంతా తంటాలు పడ్డాను. ఇంగ్లీషులో ఆ రెండు పనులకూ వేర్వేరు పేర్లున్నాయి. కొలత తీసి కొత్తజోడు కుట్టేవాడు ఒక మెట్టు పైన, పాతజోడు బాగుచేసేవాడు ఒక మెట్టు కింద. మన వాడుకలో ఇద్దరికీ ఒకటే మాట. పైగా దానిని తిట్టుగా వాడే దురలవాటు కూడా మనకున్నది. తనను దించాలనుకున్నవాడు చూపిన మెట్టుకన్న కేరీ తానే ఒక మెట్టు దిగి నిలబడ్డాడని తెలుగు పాఠకునికి తట్టేటట్లు చెప్పడమే కష్టం.

ఆ అధికారి ఎగతాళి చిన్నదే. 1808, 1809 సంవత్సరాలలో ‘ఎడింబరో రివ్యూ’ పత్రికలో సిడ్నీ స్మిత్ చేసిన ఎగతాళిని ఇంగ్లండంతా చదివింది. ఈ మిషనరీలందరూ దైవకార్యానికి అంకితమైన జోళ్ళు కుట్టేవాళ్ళ ముఠా అన్నట్టు ఆయన పరిహసించాడు. స్మిత్ నాస్తికుడేమీ కాడు. ఆంగ్లికన్ సంఘంలో పురోహితుడు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజులలో ఆయన చమత్కారానికి నేనూ ముగ్ధుడినైనవాణ్ణే. ఆయనకు పత్రికాముఖంగా దీటైన జవాబు చెప్పినవాడు కవి రాబర్ట్ సదే. సేరంపూర్‌లో అచ్చుపని ఆగలేదు. ఆ 1809లోనే బెంగాలీ బైబిలు సంపూర్ణమైంది. 1812 మార్చి 11 రాత్రి అచ్చుకూటం తగలబడినప్పుడు బూడిదైన రాతప్రతులలో కేరీ తెలుగు వ్యాకరణం కూడా ఉన్నది. దానిని మళ్ళీ రాసి 1814లో అచ్చువేశాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ కిందట ఒక సభలో ఒక పెద్దమనిషి, అనువాదకుడంటే ఇతరులు వండినది వడ్డించేవాడని చెప్పి అందరినీ నవ్వించారు. నేను లేచి, “వండటం రానివారి ఇంట వడ్డించేవాడే దిక్కు కదండీ” అన్నాను. సభ ఘొల్లుమంది. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ మాటను నెలల తరబడి మిత్రులకు చెప్పుకొని మురిసిపోయాను. కేరీ జవాబు విని ఎవరి ముఖమూ చిన్నబోవలసిన పని లేదు. అందులో అధికారికి దెబ్బ లేదు, తనకు సమర్థన లేదు. వడ్రంగి ఇంట పెరిగి, ముళ్ళకిరీటం పెట్టి ఊదావస్త్రం కప్పి వెక్కిరిస్తున్నా మారు పలకని క్రీస్తును నమ్మినవాడు కేరీ. తన విలువ మనుషులు నిర్ణయించేది కాదని ఆయన నిశ్చయం. అటువంటివాడి దగ్గర ఆ అధికారి లాక్కోగలిగినదేమీ లేకపోయింది.

అయినా విందులో ఎగతాళిని ఆచార్యుడు భరించడం ఒక ఎత్తు. వడ్రంగి కృష్ణపాల్ భరించినది మరొక ఎత్తు. 1800 డిసెంబరులో మిషనరీలతో కలిసి భోజనం చేసి కులం విడిచినందుకు గుంపు ఆయనను తిట్టుకుంటూ న్యాయాధికారి దగ్గరకు ఈడ్చుకుపోయింది. అధికారి విడిచిపెట్టాడు. ఆ నెల 28న ఆయన హుగ్లీలో బాప్తిస్మం పొందాడు. తరువాత ఆయన బెంగాలీలో రాసిన కీర్తన ఒకటి ఇంగ్లీషులోకి వెళ్ళి అక్కడి చర్చిలలో పాడుకునే పాటయింది. తిట్లు తిన్న నోటినుంచి వచ్చిన పాటను దొరలు అనువాదంలో పాడుకున్నారు. అనువాదకుడిగా నాకు ఈ ముచ్చట మహా ఇష్టం.

కేరీ అన్నిటినీ నవ్వుతూ భరించాడని మాత్రం అనుకోకూడదు. 1817 ప్రాంతంలో ఇంగ్లండునుంచి కొత్తగా వచ్చిన యువ మిషనరీలు సేరంపూర్ పెద్దలనుంచి విడిపోయి కలకత్తాలో వేరు కుంపటి పెట్టుకున్నారు. వారిలో కేరీ అన్నదమ్ముల బిడ్డ కూడా ఒకడు. మిషన్ ఆస్తులను పెద్దలు తమ గుప్పిట పెట్టుకున్నారన్న నిందలు వచ్చాయి. కళాశాల జీతంలో అధికభాగం మిషన్‌కే ధారపోసిన మనిషి మీద ఆ నిందలు! పరాయివాని పరిహాసానికి చలించని కేరీ ఈ కలహానికి మాత్రం కుంగిపోయాడు. జీవితంలో మరేదీ తన మనసును ఇంతగా తినివేయలేదని ఉత్తరాలలో రాసుకున్నాడు. ఆ బాధను దాచుకోనందువల్ల ఆయన నాకు మరింత దగ్గరివాడయ్యాడు.

1834 జూన్ 9న సేరంపూర్‌లోనే కన్నుమూశాడు. సమాధిరాతి మీద పేరూ, పుట్టిన గిట్టిన తేదీలూ, ఐజాక్ వాట్స్ కీర్తనలోని రెండు పాదాలూ తప్ప మరేమీ చెక్కవద్దని ముందే చెప్పి ఉంచాడు. ఆ పాదాలలో భక్తుడు తనను తాను పిలుచుకునే పేరు ‘పురుగు’. పాతజోళ్ళకు అతుకులు వేసేవాడికన్న అది ఇంకా ఎన్నో మెట్లు కింద.